ఎనిమిది, ఆరు: ఒక దిలోగూన్ కేసు, అందులో నేను తొందరపడ్డ చోటు

దిలోగూన్ అంటే పదహారు గవ్వలు వేసి చూసే జోస్యం, నా దగ్గర అలా చూపించుకున్న ఒకావిడ కేసు ఇది, రాసుకోమని ఆవిడే చెప్పింది, చెప్పి కూడా చాలా నెలలైంది. నేనే వాయిదా వేస్తూ వచ్చాను, ఎందుకంటే ఇందులో నేను చదివిన దాంట్లో ఒక తప్పుంది, ఆ తప్పు దాచేసి రాస్తే ఇంక రాయడం దేనికి అనిపించింది. ఆవిడ వయసు, ఉద్యోగం కొంచెం మార్చాను, పేర్లు ఎవరివీ పెట్టట్లేదు. గవ్వలు పడిన అంకెలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఇస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది కృష్ణా జిల్లా. 2006లో నర్సుగా ఫ్లోరిడా వచ్చాను, మయామీని ఆనుకుని ఉండే హయలీయాలో ఉంటాను, ఇక్కడ కూరగాయల షాపులో కూడా స్పానిష్ వస్తేనే పని జరుగుద్ది. మా నాన్న పోయినప్పుడు టికెట్ దొరక్క వెళ్ళలేకపోయాను, ఆ ఏడాది నన్ను చేయి పట్టుకుని నడిపించింది నాతో నైట్ డ్యూటీ చేసే ఒక క్యూబా ఆవిడ. ఆమె తీసుకెళ్ళిన ఇంటి పెద్దావిడే తర్వాత నా మద్రీనా అయ్యింది, అంటే దీక్ష ఇచ్చిన తల్లి. 2012లో నాకు ఓచా దీక్ష, అంటే ఒరిషాలనే దేవతల సేవలోకి తీసుకునే దీక్ష, అయ్యింది, ఏడాది పాటు తలనుంచి కాలి దాకా తెల్లబట్టలు, అద్దం చూసుకోకుండా, రాత్రిళ్ళు అనవసరంగా బయట తిరగకుండా గడిపాను. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు మద్రీనా పక్కన కూర్చుని ఆవిడ చెప్పింది రాసుకోవడమే నా పని. ఇవాళ్టికీ నేను ఒరియాతేని కాదు, అంటే పెద్ద కర్మలు నడిపే, దీక్షలో ఇతా అనే జోస్యం చదివే స్థాయి కాదు. దారులు కాసే ఒరిషా ఎలెగ్వా, నాకున్న ఆయన గవ్వలతో మామూలు కన్సల్టేషన్లు చూస్తాను, అంతే.

గవ్వలు చూస్తానంటే మనవాళ్ళు వెంటనే సోది చెప్తావా అని అడుగుతారు. సోదికి నాకు గౌరవమే గానీ ఇది ఆ దారి కాదు. సోదిలో చెప్పేవాళ్ళ మీదకి ఒకరు వచ్చి మాట్లాడతారు, ఇక్కడ నా మీదకి ఎవరూ రారు. నేను లెక్కపెడతాను. పదహారు గవ్వలు చాప మీద పడతాయి, నోరు పైకి ఉన్నవి ఎన్నో చూస్తాను, ఆ అంకెకి ఒక ఓడూ ఉంటుంది, ఆ ఓడూకి కథలు, సామెతలు, చెయ్యకూడని పనులు, చెయ్యాల్సిన నైవేద్యాలు ఉంటాయి, అవన్నీ నేను పుట్టించినవి కావు, నైజీరియాలో యొరూబా నేల నుంచి వచ్చినవి. యొరూబాలో దీన్ని ఎరిన్‌దిన్‌లోగున్ అంటారు, ఆ మాటకి అర్థం ఇరవైకి నాలుగు తక్కువ, వాళ్ళ లెక్కలో పదహారుని అలా తీసేసి చెప్తారు. ఓయో సామ్రాజ్యం 19వ శతాబ్దం మొదట్లో కూలిపోతున్నప్పుడు యుద్ధాల్లో పట్టుబడ్డ లక్షలమందిని ఓడల్లో క్యూబాకి, బ్రెజిల్‌లో బహియాకి అమ్మేశారు, వాళ్ళతోపాటు ఈ లెక్క కూడా సముద్రం దాటింది, క్యూబాలో మాట అరిగి దిలోగూన్ అయ్యింది, బ్రెజిల్‌లో కాందోంబ్లే అనే మతంలో జోగో దే బూజియస్ అంటారు. గవ్వలు వేసే తీరు, ఏ వైపుని నోరు అనుకోవాలి అన్నది కూడా ఊరుని బట్టి, ఇంటిని బట్టి మారుద్ది. నేను రాసేదంతా క్యూబాలో యొరూబావాళ్ళ నుంచి వచ్చిన లుకుమీ మతం పద్ధతి, అందులోనూ మా ఇంటి పద్ధతి.

గవ్వ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. మొదటిసారి మద్రీనా నా చేతిలో గవ్వ పెట్టినప్పుడు తిప్పి చూస్తే వీపు కోసేసి ఉంది, బోర్లా వేసినా వెల్లకిలా వేసినా తిన్నగా కూర్చోవాలని అలా కోస్తారు. చిల్లిగవ్వ! చిన్నప్పటినుంచి మా అమ్మ నోట చేతిలో చిల్లిగవ్వ లేదు, చిల్లిగవ్వకి కొరగాడు అని విన్నానే గానీ చిల్లిగవ్వని చేత్తో పట్టుకుంది హయలీయాలోనే. పశ్చిమాఫ్రికాలో గవ్వలు డబ్బు, తాడుకి గుచ్చడానికి చిల్లి పెట్టేవాళ్ళు, యొరూబా లెక్కలో నలభై గవ్వలు ఒక దండ, యాభై దండలు కలిపితే రెండు వేలు, ఇరవై వేలు ఒక బస్తా. ఆ గవ్వల్లో చాలా భాగం మాల్దీవుల నుంచి వచ్చినవి, అక్కణ్ణుంచి బెంగాల్, ఒడిశా తీరాలకి, అక్కణ్ణుంచి డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో యూరప్‌కి, మళ్ళీ అక్కణ్ణుంచి ఆఫ్రికాకి, అక్కడ వాటితో మనుషుల్ని కొన్నారు. మన సముద్రం మీంచి పోయిన గవ్వ మనిషి ఖరీదు అయ్యింది, అదే గవ్వ ఆ మనిషి మనవళ్ళ చేతిలో దేవుడి నోరు అయ్యింది. చాప మీద కూర్చున్న ప్రతిసారీ ఇది గుర్తు తెచ్చుకుంటాను, గుర్తు రాకపోతే ఆ రోజు కూర్చోకూడదని నా నమ్మకం.

సరే కేసుకి వస్తాను.

2025 జనవరి చివర, శనివారం పొద్దున. ఆవిడకి యాభై దగ్గర్లో ఉంటాయి, చిన్నప్పుడే క్యూబా నుంచి వచ్చేసింది, స్కూల్ క్యాంటీన్‌లో పని. మూడు నెలలుగా నిద్ర లేదు. వాళ్ళమ్మ క్యూబాలోనే మతాన్సాస్‌లో ఉంది, మంచం పట్టింది, చూసుకునేది అక్క. ఈవిడ నెలనెలా డబ్బు, మందులు పంపిస్తుంది. ఈ మధ్య ఒక కజిన్ రోజూ ఫోన్ చేసి మీ అక్క ఆ డబ్బు అమ్మకి ఖర్చు పెట్టట్లేదు, ఇల్లు తన పేరు మీద మార్చుకుంటోంది అని చెప్తోంది. ఆవిడ అడగడానికి వచ్చిన ప్రశ్న సూటిగా ఇదే: డబ్బు పంపడం ఆపేయనా?

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆవిడ చెప్తుండగానే నా మనసులో తీర్పు అయిపోయింది. నేనూ ఊళ్ళో స్థలం కొనమని మా అన్నయ్యకి ఏళ్ళ తరబడి డబ్బు పంపించాను, ఆ స్థలం ఎవరి పేరు మీద ఉందో తెలిసిన రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అక్క మోసం చేస్తోంది అన్న మాట ఆవిడ నోట్లోంచి రాకముందే నా తలలో ఉంది. చాప మీద కూర్చునేవాళ్ళకి ఇంతకంటే ప్రమాదం లేదు, అది తెలిసి కూడా ఆ రోజు నేను దాన్ని పక్కన పెట్టలేదు.

నీళ్ళు మూడుసార్లు నేల మీద చల్లి మొయూబా చెప్పాను. మొయూబా అంటే ముందు దేవుడికి, తర్వాత పోయిన పెద్దలకి, దీక్షా పరంపరలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, తర్వాత బతికున్న పెద్దలకి నమస్కారం. పరంపర పేర్ల దగ్గర నేను ఎప్పుడూ తొందరపడను. ఈ విద్య క్యూబాలో నిలబడింది చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదుగా, హవానాలో లాతువాన్ అని పేరున్న తిమోతియా అల్బెయార్ లాంటి ఒరియాతేలే దీన్ని మోశారు, తర్వాతి తరంలో ఎంతో పేరొచ్చిన ఒబాదిమేజీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఆ స్థానంలో ఎక్కువగా మగవాళ్ళే కనిపిస్తారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఎలెగ్వా గవ్వలు మొత్తం ఇరవై ఒకటి. అందులో పదహారు తీసుకుని మిగతా ఐదింటిని పక్కన పెడతాం, వాటిని అదెలే అంటారు, అవి మాట్లాడవు, కాపలా కాస్తాయి. ఆవిడ దక్షిణ మడిచి నుదుటికి తాకించి చాప మీద పెట్టింది, గవ్వల్ని ఆవిడ నుదుటికి, భుజాలకి, అరచేతులకి తాకించి వేశాను.

ఎనిమిది. ఉన్లే.

మళ్ళీ వేశాను. ఆరు. ఒబారా. కలిపితే ఎనిమిది-ఆరు, ఉన్లే ఒబారా.

ఎనిమిది పడటం పెద్ద వింతేం కాదు. పదహారు గవ్వలు వేస్తే మధ్య అంకెలే ఎక్కువ పడతాయి, ఒకటో పదిహేనో పడటం అరుదు, అష్టాచెమ్మా ఆడినవాళ్ళకి ఎవరికైనా ఇది చేతికి తెలుసు. అరుదుగా పడిన అంకె గొప్పది, తరచూ పడేది మామూలుది అనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. ఇంకో సంగతి, క్యూబా పద్ధతిలో మేము పన్నెండు వరకే చదువుతాం. పదమూడు నుంచి పదహారు పడితే మనిషిని ఇఫా అనే ఇంకో జోస్యం చూసే పూజారి బాబలావో దగ్గరికి పంపించాలి. దాని వెనక కథ ఏంటంటే ఇఫాకి అధిపతైన ఒరూలా ఊళ్ళో లేనప్పుడు భార్య యెమయా వచ్చినవాళ్ళకి తనే చూసి పంపించేది, ఒరూలా తిరిగొచ్చి గొడవ పెట్టుకుంటే పెద్ద దేవుడు ఒలోఫిన్ మధ్యలో పడి గవ్వలు ఆవిడకే ఉంచాడు, పన్నెండు దాటితే మాత్రం ఒరూలాకి అప్పగించమన్నాడు. నాకు ఈ కథంటే ఇష్టం, హద్దు ఎక్కడుందో తెలిసినవాళ్ళే చూడాలి అన్నమాట.

ఓడూ వచ్చాక అది మంచితో వచ్చిందా చెడుతో వచ్చిందా అడగాలి. దీనికి ఇబో అనే వస్తువులు ఉంటాయి. ఆవిడ చేతికి రెండు ఇచ్చాను, ఒకటి ఎఫున్, గుడ్డుపెంకు పొడితో చేసిన తెల్ల ముద్ద, అది అవును. రెండోది ఓతా, నల్లటి చిన్న రాయి, అది కాదు. ఆవిడ రెండూ అరచేతుల మధ్య కలిపి కదిపి, ఏది ఎటు వెళ్ళిందో నాకు కనపడకుండా రెండు పిడికిళ్ళు చేస్తుంది. నేను గవ్వలు వేస్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు లాంటి పెద్ద ఓడూ పడితే ఎడమ చేయి అడగాలి. ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు చిన్నవి, అవి పడితే ఇంకోసారి వేసి చూడాలి, చిన్నదాని తర్వాత పెద్దది వస్తే కుడి చేయి. వస్తువు ఎటుందో నాకు తెలీదు, ఏ చేయి అడగబోతున్నానో ఆవిడకి తెలీదు. చూసేవాడి ఇష్టం ఇందులోకి దూరకుండా మా పెద్దలు కట్టిన గోడ ఇది, దిలోగూన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇరేనా, అంటే మంచితో వచ్చిందా, అని అడిగితే పది పడింది. ఎడమ. పిడికిలి తెరిస్తే నల్లరాయి. అంటే ఓసోగ్బో, చిక్కుతో వచ్చింది. ఏ చిక్కు? వరసగా అడగాలి. ఇకూ, అంటే చావా? నాలుగు పడింది, ఎడమ, రాయి, కాదు. ఈ దగ్గర వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఊపిరి బిగబడతారు, ఆవిడా బిగపట్టింది. అరూన్, అంటే జబ్బా? ఆరు పడి తర్వాత పది, కుడి, రాయి, కాదు. ఎయో, అంటే తగాదా, మాటలవల్ల వచ్చే గొడవా? ఎనిమిది, ఎడమ, తెల్ల ముద్ద. అవును.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఉన్లేలో ఒబాతలా అనే ఒరిషా మాట్లాడతాడు, తల ఆయనది. ఈ ఓడూ సామెత తలే ఒంటిని మోస్తుంది అని. నిద్రపోవాలి, చల్లగా ఉండాలి, కోపంతో నిర్ణయాలు తీసుకోకూడదు అని చెప్పాను. బీపీ ఎప్పుడు చూపించుకున్నారు అని అడిగాను, రెండేళ్ళయింది అంది. సోమవారం లోపు డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను, ఇది నర్సుగానూ చెప్పాను, ఒలోరిషాగానూ, అంటే దీక్ష తీసుకున్న మనిషిగానూ చెప్పాను, ఉన్లే పడ్డ ఎవరికైనా తల, రక్తపోటు చూపించుకోమని చెప్పడం మా ఇంట్లో రివాజు. ఒబారాలో షాంగో అనే ఒరిషా మాట్లాడతాడు, అది నాలుక ఓడూ, రాజు అబద్ధమాడడు అంటుంది. ఎనిమిది-ఆరుకి ఉన్న సామెత చెవి తలని దాటదు.

చెవి తలని దాటదు అంటే మామూలుగా పెద్దవాళ్ళని దాటి పోకు, ఎవరి స్థానంలో వాళ్ళుండాలి అని. దీన్ని నేను ఆ రోజు ఎలా తిప్పానంటే, మీరు పోషిస్తున్నారు కాబట్టి ఈ ఇంటికి తల మీరు, మీ అక్క తన స్థానం దాటుతోంది, ఎవరో అబద్ధం చెప్తున్నారని ఒబారా అంటోంది, డబ్బు విషయంలో జాగ్రత్త. ఇప్పుడు రాస్తుంటే వేళ్ళు ఆగుతున్నాయి. ఓడూ అబద్ధం ఉంది అంది, ఆ అబద్ధం ఎవరిదో అనలేదు. ఆ పేరు నేను పెట్టాను, మా అన్నయ్య మీద కోపంతో వాళ్ళక్క పేరు పెట్టాను. ఆవిడ తలూపి ఏడ్చింది. వచ్చినవాళ్ళు ఏడిస్తే సరిగ్గా చదివాం అనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మకూడదు, మనిషి తను ముందే అనుకున్నది ఇంకొకరి నోట వింటే కూడా ఏడుస్తుంది.

పరిష్కారం అడిగాను. తలకి రొగాసియోన్, అంటే తలని చల్లబరిచే కర్మ, తీసుకోండి అని వచ్చింది. బలి ఏదీ అడగలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది అదే. అన్ని ఓడూలూ బలి అడగవు, చాలావాటికి నీళ్ళు, కొబ్బరి, పండు, లేదా ఒక పని మానుకోవడమే సరిపోతుంది. అడిగిన సందర్భాలూ ఉంటాయి, దాన్ని దాచను. మా ఊరు హయలీయానే 1987లో దాన్ని నిషేధిస్తూ ఆర్డినెన్సులు పెడితే ఒక లుకుమీ చర్చి కోర్టుకి వెళ్ళింది, 1993లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఏకమాటగా వాటిని కొట్టేశారు.

ఇంక చివర్లో చెప్పాల్సింది అంతా చెప్పానా, ఇక ముగించొచ్చా అని అడుగుతాం. పన్నెండు, ఎడమ, రాయి. ముగియలేదు. నైవేద్యం ఏదైనా మిగిలిందేమో అని ఎలెగ్వాకి కొంచెం తేనె, కొబ్బరి పెట్టమందామా అని అడిగాను, అక్కర్లేదని వచ్చింది. మళ్ళీ ముగించొచ్చా అంటే మళ్ళీ రాయి. ఒక్కసారి కాదంటే సరే, రెండోసారి కాదన్నప్పుడు నా వీపు చల్లబడింది. ఇలాంటప్పుడు కొందరు ఏదో ఒకటి కల్పించి చెప్పేసి లేస్తారు, నాకు ఆ ధైర్యం లేదు. ఆవిడ అనుమతి తీసుకుని మద్రీనాకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

మద్రీనాకి ఎనభై దాటాయి. అంకెలు చెప్పాను, ఏ చిక్కో చెప్పాను, నేనేం చదివానో చెప్పాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయీ, కథ చెప్పావా?" అంది.

చెప్పలేదు. అర్థం చెప్పాను, సలహా చెప్పాను, కథ చెప్పలేదు.

"కథ చెప్పు. అందులో ఎవరు ఎవరో నువ్వు చెప్పకు. చెప్పేసి నోరు మూసుకుని కూర్చో," అని ఫోన్ పెట్టేసింది.

మా కథల్ని పతాకీలు అంటాం. ఒబారా పతాకీల్లో అందరికంటే తెలిసినది గుమ్మడికాయలది, క్యూబాలోనూ బ్రెజిల్‌లోనూ చెప్తారు. ఈ కథల్లో ఓడూలు మనుషుల్లాగే ఉంటారు, అన్నదమ్ములు. ఒలోఫిన్ ఓడూలందరినీ పిలిచి విందు ఇచ్చాడు, పేదవాడని ఒబారాని మాత్రం ఎవరూ రమ్మనలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒలోఫిన్ తలా ఒక గుమ్మడికాయ చేతిలో పెట్టాడు. ఇంత పెద్ద రాజు ఇచ్చేది గుమ్మడికాయా అని అందరూ మొహం చిట్లించుకున్నారు. దారిలో ఆకలేసి ఒబారా ఇంటికి వెళ్ళారు, అతను ఇంట్లో ఉన్నదంతా వండి పెట్టాడు, భార్య రేపటికి ఏం లేదంటున్నా పెట్టాడు. తిని వెళ్ళిపోతూ ఆ బరువు మోయలేక గుమ్మడికాయలన్నీ అతని గుమ్మంలో వదిలేసి పోయారు. మర్నాడు ఇంట్లో తినడానికి ఏం లేక ఒక కాయ కోస్తే లోపల బంగారం, రత్నాలు. ఇంకోటి కోస్తే అందులోనూ అదే. కొన్నాళ్ళకి ఒలోఫిన్ మళ్ళీ అందరినీ పిలిస్తే ఒబారా మంచి బట్టలు కట్టుకుని గుర్రమెక్కి వచ్చాడు. నేనిచ్చిన కాయలు ఏం చేశారు అని ఒలోఫిన్ అడిగితే ఒక్కరూ తలెత్తలేదు. ఎవరు కోశారో కాయ వాళ్ళదే అన్నాడు ఒలోఫిన్.

చెప్పి ఊరుకున్నాను. ఆ నిమిషంలో కూడా నా మనసులో ఆవిడే ఒబారా, ఇంట్లో ఉన్నదంతా పెట్టేసి చేతులు ఖాళీ చేసుకున్న మనిషి. రేపోమాపో ఆవిడకి గుమ్మడికాయ దొరుకుతుంది అని ఓదార్పుగా ఏదో అనబోయి మద్రీనా మాట గుర్తొచ్చి ఆగాను.

చాలాసేపటికి ఆవిడ, "నేను ఆ అన్నదమ్ముల్లో ఒకదాన్ని" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఫోన్ తీసి వాట్సాప్ తెరిచి నా వైపు తిప్పింది. అక్క పంపిన వాయిస్ మెసేజ్‌లు, పైకి జరుపుతూ పోతే నలభై పైన ఉన్నాయి, ఒక్కటీ వినలేదు. అక్టోబర్ నుంచి వినడం మానేశానంది. ఎందుకు అన్నాను. అది ఎప్పుడూ ఏడుపే, డబ్బు చాలలేదనే, కజిన్ ఎలాగూ అన్నీ చెప్తోంది కదా అంది.

అక్టోబర్ అనగానే నాకు వెలిగింది. 2024 అక్టోబర్ 18న మతాన్సాస్‌లోని ఆంతోనియో గితేరాస్ పవర్‌ప్లాంట్ ఆగిపోయి దేశం మొత్తం చీకటైపోయింది, ఆ తర్వాత కూడా కరెంటు వచ్చీపోయీ సరిగ్గా నిలబడలేదు. మంచంలో ఉన్న ముసలావిడని చూసుకునే మనిషి ఆ నెలల్లో ఏడవక ఏం చేస్తుంది. చెవి తలని దాటదు అన్న మాట అప్పుడు ఇంకోలా వినపడింది నాకు. నేను దాన్ని ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్న లెక్కలో చదివాను. ఇక్కడ చెవి అంటే చెవే, ఒకళ్ళ మాటకి తెరిచి ఇంకొకళ్ళ మాటకి మూసేసిన చెవి తలని లాక్కెళ్తోంది. ఇది సామెతకి ఉన్న ఒకే ఒక అర్థం అనను, మద్రీనాని అడిగితే ఇంకో నాలుగు చెప్తుంది. ఆ రోజు ఆ చాప మీద మాత్రం ఇదే నిలబడింది.

నేను ముందు చెప్పినదాన్ని వెనక్కి తీసుకున్నాను. "మీ అక్క అబద్ధం చెప్తోందని గవ్వలు చెప్పలేదు, నేను చెప్పాను, అది తప్పు" అని ఆవిడ మొహం చూసే చెప్పాను. ఈ మాట అనడం చాలా కష్టం, దక్షిణ తీసుకున్నాక ఇంకా కష్టం. తర్వాత ముగించొచ్చా అని మళ్ళీ అడిగితే రెండు పడింది, ఎడమ చేతిలో తెల్ల ముద్ద.

ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను. పిడికిట్లో రాయి ఉండటం, తెల్ల ముద్ద ఉండటం సగానికి సగం అవకాశం, రెండుసార్లు రాయి రావడం ఏమంత అసాధ్యం కాదు, లెక్క తెలిసినవాళ్ళు ఈ మాట అంటే నేను కాదనను. నాకు ముఖ్యమైంది ఏంటంటే, ఆ రెండు కాదులు లేకపోతే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని, ఆవిడ అక్కకి డబ్బు ఆపేసేది. ఆ రాయి నన్ను ఆపింది. దాన్ని ఎలెగ్వా చేయి అని నేను నమ్ముతాను.

మంగళవారం సాయంత్రం రొగాసియోన్ చేశాను. తురిమిన కొబ్బరి, కోకో వెన్న, ఎఫున్ పొడి, దూది, అన్నీ తెల్లవే, ప్రార్థన చెప్తూ తల మీద పెట్టి తెల్లగుడ్డ కట్టి అలాగే పడుకోమని పంపాను. ఎండలోకి వెళ్ళొద్దు, పొయ్యి దగ్గర నిలబడొద్దు, ఎవరితోనూ వాదించొద్దు. ఈలోపు సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చింది, బీపీ బాగా ఎక్కువుంది, మందు మొదలుపెట్టారు. తర్వాత నిద్ర పట్టడంలో కర్మ పాత్ర ఎంత, మాత్ర పాత్ర ఎంత అని నేను విడదీయలేను, విడదీయాల్సిన అవసరమూ నాకు కనపడలేదు.

ఆ రాత్రే తలకి గుడ్డ కట్టుకుని మెసేజ్‌లు విందట. మొదటి నుంచి వరసగా. చాలావాటిల్లో నిజంగానే ఏడుపే ఉంది, కరెంటు లేదు, నీళ్ళు పైకెక్కట్లేదు, డైపర్లు దొరకట్లేదు. కొన్నిటిలో మాటల్లేవు, వాళ్ళమ్మ ఊపిరి మాత్రం వినపడింది, ఎలా ఆయాసపడుతోందో చెల్లెలికి వినిపించాలని ఫోన్ ఛాతీ దగ్గర పెట్టి రికార్డ్ చేసింది అక్క. ఒకదాంట్లో అమ్మే మాట్లాడింది, ఈవిడ చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచి భోంచేశావా అని అడిగింది. ఇంకోదాంట్లో అక్క, నిన్ను అడక్కుండా రెండు నెలల డబ్బు పైకప్పుకి పెట్టేశాను, వాన లోపలికి వచ్చేస్తోంది, కోప్పడకు అని చెప్పింది. నవంబర్‌లో పంపింది. అంటే కజిన్ చెప్పినదాంట్లో కొంత నిజముంది, డబ్బు వేరేదానికి పోయింది. ఇల్లు పేరు మార్చుకుంటోందన్న మాటకి మాత్రం ఇప్పటిదాకా ఆధారం ఏదీ కనపడలేదు, లేదు అని కూడా తేలలేదు.

అందుకే దీన్ని అక్కాచెల్లెళ్ళు కలిసిపోయిన కథగా చెప్పను. డబ్బు పంపడం ఆపలేదు, ఇప్పుడు సగం మందుల రూపంలో పంపుతోంది. వారానికి ఒకసారి మాట్లాడుకుంటారు, మాట్లాడినప్పుడల్లా పోట్లాడుకుంటారు కూడా. కజిన్‌తో ఫోన్లు తగ్గించింది.

నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఒకటి, మనిషి సమస్య చెప్పడం అవ్వగానే నాకేం అనిపిస్తోందో ఒక చీటీ మీద రాసి, మడిచి, చాప బయట పెడతాను. తర్వాత నేను చెప్పేది ఆ చీటీలో ఉన్నట్టే వస్తుంటే ఆగి ఇంకోసారి చూస్తాను. రెండోది, అర్థం కంటే ముందు కథ చెప్తాను, పూర్తిగా, అందులో నువ్వు ఫలానా అని అనకుండా. అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ విలియం బాస్కమ్ 1951లో ఓయోలో సలాకో అనే ఒరిషాలా (ఒబాతలాకే ఇంకో పేరు) పూజారి దగ్గర రికార్డ్ చేసి 1980లో అచ్చేసిన పద్యాలు చూడండి, అందులో కూడా నడిచే తీరు ఇదే, ఎప్పుడో ఎవరో చూపించుకున్నారు, వాళ్ళకి ఏం చెప్పారు, చేశారా లేదా, ఏమైంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ పద్యాల్లోంచి తనది ఏదో తనే పట్టుకుంటుంది. సలాకోకి తెలిసిన ఆ సంగతి నాకు మద్రీనా ఫోన్‌లో తిడితే గానీ ఎక్కలేదు.

ఈ ఏడాది మొదట్లో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో గవ్వల్ని అడుగుదాం అంది. మతాన్సాస్‌లో రిజిస్ట్రీ ఆఫీసు ఉంది, కాగితాన్ని కాగితం దగ్గరే అడగాలి, మీ అక్కని అడిగారా అన్నాను. ఇంకా అడగలేదంది. అయితే ఇవాళ వెయ్యను అని గవ్వల సంచి మూతి కట్టేసి కాఫీ పెట్టాను.